నా కాలు ఆయన ఎత్తిన రోజులు

ఇప్పుడు నేను పందొమ్మిది అడుగులు నడుస్తాను. చేతికర్ర పట్టుకుని, ఎడమకాలు కొంచెం ఈడ్చుకుంటూ, గడప దగ్గర ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని. పందొమ్మిదే ఎందుకు, ఇరవై ఎందుకు కాదు అని ఎవరైనా అడిగితే వాళ్లకు ఈ సంగతంతా మొదటినుంచీ చెప్పాలి. అడిగిన ప్రతివాళ్లకూ కూర్చోబెట్టి చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఒక్కసారి రాసి పెడుతున్నాను. దేవుడి దయవల్ల కుడిచెయ్యి బాగానే ఉంది.

నా పేరు ఈశ్వరమ్మ. మాది శామీర్‌పేట మండలం లాల్‌గడి మలక్‌పేట్. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి దిగిపోయాను. మా ఆయన సత్తయ్య ఎకరంన్నరలో ఆకుకూరలు పెట్టేవాడు. తెల్లారేసరికి పాలకూర, కొత్తిమీర కట్టలు కట్టి అల్వాల్ తీసుకెళ్లి అమ్ముకొచ్చేవాడు. ఏది లెక్కపెట్టినా ఒకటి అనేవాడు కాదు. లాభం, రెండు, మూడు అనేవాడు. మా దిక్కు వడ్లు కొలిచినా కూర కట్టలు లెక్కబెట్టినా అట్లాగే మొదలుపెడతారు. నన్ను పేరుపెట్టి పిలిచింది లేదు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఎక్కిరించడానికి 'టీచరమ్మా' అన్నాడు, అదే ఉండిపోయింది. మాకు ఒక్కతే కూతురు సుజాత. నాగారంలో కాపురం, అక్కడే ఒక బడిలో ఉద్యోగం.

మాఘం

ఆ పొద్దున చాయ్ తాగుతున్నాను. ఎడమచేతిలోంచి గ్లాసు జారింది. జారితే జారింది, తుడుద్దామని లేవబోతే కాలు లేదు. ఉంది, కళ్లకు కనబడుతోంది, కానీ నా మాట వినడం లేదు. ఎవరిదో కాలు తెచ్చి నా పక్కన పెట్టి పోయినట్టుంది. "ఏమయ్యా" అని పిలిచాననుకున్నాను. ఆయనకు వినబడింది వేరే ఏదో అరుపు.

వాకిట్లో జనం పోగయ్యారు. పావురం రక్తం రుద్దితే గంటలో లేస్తుందని ఒకరు, నాటుమందు ఇచ్చే మనిషి ఫలానా ఊళ్లో ఉన్నాడని ఒకరు. మా ఆయన ఎవరి మాటా వినలేదు. ఆటో మాట్లాడి నన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని పడుకోబెట్టాడు. మేడ్చల్లో సర్కారు దవాఖానా, అక్కడినుంచి పట్నంలో పెద్ద దవాఖానా. స్కానింగ్ గది బయట బెంచీ మీద ఆయన కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. కాళ్లకు చెప్పులు లేవు. ఇంట్లో విడిచినవి వేసుకోవడం మరిచిపోయాడు. పక్క బెంచీ మీద తన కొడుకు కోసం కూర్చున్న ఒక ముసలామె అది చూసి, తన సంచీలోంచి ఒక జత రబ్బరు చెప్పులు తీసి ఆయన ముందు పెట్టింది. ఆ చెప్పులు ఆడవాళ్లవి, ఆయనకు చిన్నవి. అయినా వేసుకున్నాడు.

వారం తర్వాత ఇంటికి పంపారు. మూతి వంకర కొంత పోయింది, మాట వచ్చింది. ఎడమ కాలూ చెయ్యీ మాత్రం పడిపోయినవి పడిపోయినట్టే ఉన్నాయి.

ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం దాకా

ఇంటికొచ్చి కసరత్తు చేయించడానికి సుజాత ఒకామెను మాట్లాడింది. పేరు రేణుక. నలభై ఏళ్లుంటాయి. అల్వాల్‌నుంచి స్కూటీ మీద వచ్చేది. మొదటిరోజు నా మడమ కింద అరచెయ్యి పెట్టి కాలు పైకి ఎత్తి, వంచి, చాపి, మా ఆయనకు చూపించింది.

"గిట్ల ఇరవైసార్లు, పూటకొకసారి, రోజుకు మూడు పూటలు. మొదలు రెండువారాలు మీరు లేపున్రి. తర్వాత మెల్లగ ఆమెనే లేపాలె, మీరు ఊకె చెయ్యి ఆసరా ఉంచాలె," అని చెప్పింది. గళ్లు గీసిన కాగితం ఒకటి గోడకు అంటించింది. రోజుకు మూడు గళ్లు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. చేసిన పూటకు టిక్కు పెట్టమంది.

ఆ చెప్పినదాంట్లో మొదటి సగమే మా ఇద్దరి చెవులకూ ఎక్కింది.

ఆయన ఎంత నిష్ఠగా చేశాడో చెప్తే నమ్మరు. తువ్వాల నడుముకు చుట్టుకుని, మంచం కాళ్లవైపు పీట వేసుకుని కూర్చుని, నా మడమ అరచేతిలోకి తీసుకుని, లాభం, రెండు, మూడు అంటూ ఇరవై దాకా. తర్వాత చెయ్యి. తర్వాత నువ్వుల నూనె. స్నానం చేయించేవాడు, తల దువ్వేవాడు, ముద్దలు చేసి నోట్లో పెట్టేవాడు. కుడిచెయ్యి బాగానే ఉంది కదా, నేనే తింటాను అన్నాను ఒకరోజు. "ఎందుకే, నేను లేనా," అన్నాడు. ఇంకోసారి అనలేదు నేను.

శనివారాలు నా కోసం ఒక్కపొద్దు ఉండేవాడు. మంగళవారాలు ఊళ్లో హనుమాన్ల గుడి చుట్టూ నా పేరు చెప్పుకుని ప్రదక్షిణలు చేసి, "నీ బదులు ఇరవయ్యొకటి తిరిగిన," అని వచ్చి చెప్పేవాడు. మా ఇళ్లల్లో అది ఉన్నదే. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు ఉపవాసం ఉంటారు, ఒకరి మొక్కు ఇంకొకరు తీరుస్తారు, దేవుడు కాదనడు. కాబట్టి నా కసరత్తు కూడా ఆయన చేస్తే నాకు చెందుతుందని ఆయన నిజంగా అనుకున్నాడు. నేనూ అట్లాగే అనుకున్నానని రాస్తే అబద్ధం అవుతుంది. అది తర్వాత చెప్తాను.

రేణుక నెలకొకసారి వచ్చేది. గోడ మీద కాగితం చూసేది. ఒక్క గడి ఖాళీ ఉండేది కాదు. నా కాలు చూసేది, మొహం చిట్లించేది, కొత్త నెల కాగితం అంటించి పోయేది. జ్యేష్ఠంలో వచ్చినప్పుడు తొడను చేత్తో చుట్టి చూసి, "గింత సన్నవడ్డదేంది. చేస్తున్నరా నిజంగ?" అంది.

"ఒక్క పూట తప్పలే మేడం. కాయితం సూడున్రి," అన్నాడు ఆయన.

"ఇప్పుడు చెయ్యున్రి. నేను చూస్త."

ఆయన తువ్వాల చుట్టుకున్నాడు. పీట జరుపుకున్నాడు. మడమ పట్టుకుని లాభం అన్నాడు. నాలుగు దాకా రాగానే రేణుక ఆగమంది.

"ఆమె ఏం చేస్తది?"

"ఆమె పండుకుంటది. నేను జేస్త."

రేణుక మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా చెప్పింది. "నాలుగు నెలలసంది మీరు కసరత్తు చేసిన్రు. ఆమె చెయ్యలే. కాలు లేపాలన్న ఆలోచన తలకాయలకెల్లి రావాలె. మీ తలకాయలకెల్లి కాదు, ఆమె తలకాయలకెల్లి."

"నేను బాగనే జేసిన గద మేడం," అన్నాడు ఆయన. ఆ మాట ఇంకోసారి కూడా అన్నాడు. ఆయన చేతులు ఇంకా నా మడమ కిందే ఉన్నాయి, తీయాలో ఉంచాలో తెలియక.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. నాకు తెలుసు. ముప్పై ఏళ్లు నేను చేసిన ఉద్యోగం అదే. పిల్లను సంకనేసుకుని తిరిగే తల్లులను ఎంతమందిని కసిరానో లెక్కలేదు. "కిందికి దింపు. బండల మీద ఎయ్యి. అంబాడనియ్యి. సంకల పెరిగిన పిల్లకు కాళ్లెక్కడికెల్లొస్తయి?" అని అరిచేదాన్ని. ఏడాది దాటినా నిలబడని పిల్లను చూస్తే ఆ తల్లి ముద్దు ఎంతదో నాకు తెలిసిపోయేది. అంత తెలిసినదాన్ని నాలుగు నెలలు నోరు మూసుకుని పడుకున్నాను. ఎందుకంటే హాయిగా ఉండింది. నలభై మూడేళ్ల కాపురంలో ఆయన నాకు గ్లాసెడు నీళ్లు ముంచి ఇచ్చింది లేదు. చెడ్డవాడు కాదు, అట్లా అలవాటు లేదంతే. ఇప్పుడు నా తల దువ్వుతున్నాడు. చేయించుకోనీ అనుకున్నాను. నా వంతు వచ్చిందనుకున్నాను. ఎవరు ఏమనుకున్నా సరే, ఉన్నమాట ఇది.

ఆషాఢం

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చిన రేణుక ఎదురుగా నేను కాలు ఎత్తడానికి ప్రయత్నించాను. రెండు వేళ్ల ఎత్తు లేచింది. తొడలోంచి నడుము దాకా గుంజి, కళ్లల్లో నీళ్లు వచ్చాయి. "సరిపోతది ఇయ్యాలటికి. రోజూ మీరే లేపాలె. మంచం పట్టె మీద కూసోవాలె, లేవాలె, నిలవడాలె," అని చెప్పి పోయింది.

మూడోరోజు నిలబడబోయి పడ్డాను. ఆయన పట్టుకునే ఉన్నాడు, అయినా జారి కింద కూర్చుండిపోయాను. దెబ్బ పెద్దది కాదు. భయం పెద్దది. తల బండకు తగిలి చచ్చిపోతాననుకున్నాను. ఆయన నన్ను మంచం మీదికి ఎత్తడానికి చాలాసేపు పట్టింది. ఎత్తాక గోడకు ఆనుకుని ఛాతీ రుద్దుకున్నాడు.

"ఇగ నాతోని కాదు. నన్ను లేపకు," అన్నాను.

"మేడం ఏమంటదో."

"ఏమన్నా అననీ. టిక్కులు పెట్టు."

"చెయ్యకుండ ఎట్ల పెడ్తనే?"

"పెట్టయ్యా. పెన్ను నీ చేతులనే ఉన్నది గద. ఆమె వచ్చి సూస్తదా?"

కట్టలో ఒక్క కాడ తక్కువైతే ఇంకో కాడ కలిపి కట్టే మనిషి ఆయన. టిక్కు ఊరికే పెట్టడానికి చెయ్యి రాలేదు. అందుకని మళ్లీ పీట వేసుకుని నా కాలు తనే ఇరవైసార్లు ఎత్తడం మొదలుపెట్టాడు. పనికిరాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఇరవై పూర్తిచేసి వెళ్లి టిక్కు పెట్టేవాడు. కొన్నాళ్లకు మూడు గళ్లకూ పొద్దున్నే టిక్కులు పెట్టేయడం చూసి, ఏంది ఇది అన్నాను. "పొలం కాడ పొద్దుపోతే మర్సిపోత. ముందే టిక్కు పెట్టినంక చెయ్యకుంటే మనసూకోదు," అన్నాడు.

రేణుక మళ్లీ వచ్చినప్పుడు నేను చేస్తున్నానని గోడవైపు చూస్తూ చెప్పాను. ఆమె ఇక ప్రతివారం వస్తానంది. వద్దు, అలసిపోతున్నా, నెలకొకసారి చాలు అన్నాను.

ఆ ఆదివారం సుజాత వచ్చింది. ఆయన చాయ్ పెట్టడానికి పోయి ఛాతీ రుద్దుకుంటుంటే చూసింది. "ఏమైంది బాపు?" అంది.

"గ్యాసు బిడ్డా. సోడా తాగితే పోతది."

"గ్యాసు కాదు గీసు కాదు, నడువు, దవాఖానకు పోదం."

"మీ అమ్మను ఎవరికి అప్పజెప్పి రావాలె? ఆమెకు నీళ్లెవ్వలిస్తరు?"

సుజాత నావైపు చూసింది. 'పోయిరా, నేను చూసుకుంటా' అనే మాట నేను అనాలి. సగం పూట ఒంటరిగా పడుకుని ఉండటం నాకు భయమేసింది. ఏమీ అనలేదు. సుజాత పిల్లలకు అన్నం పెట్టాలని నాగారం వెళ్లిపోయింది.

శ్రావణం

శుక్రవారం. పొద్దున ఇరవై అయింది. ఆయన టిక్కులు పెట్టాడు. ఫోను ఎప్పుడూ నా దిండు దగ్గర పెట్టేవాడు, ఆరోజు చార్జింగ్ లేదని గూట్లో ప్లగ్గుకు పెట్టాడు. వాకిట్లో బట్టలుతికే బండ దగ్గర తొట్టి ఉంటుంది. నా స్నానానికి నీళ్లు తేవడానికి బకెట్ తీసుకుని పోయాడు.

బకెట్ పడ్డ చప్పుడు వినబడింది. అప్పుడే కరెంటు పోయి నా మీద ఫ్యాన్ ఆగింది. "ఏమయ్యా," అన్నాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. నీళ్లు పారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

మా ఇంటికి ఒకపక్క గొల్లెం వేసిన ఇల్లు, వాళ్లు కూలికి పోయారు. ఇంకోపక్క రాళ్లు పాతిన ప్లాట్లు. రోడ్డు అవతల కొత్త ఇంట్లో పద్మావతి గారుంటారు. కృష్ణా జిల్లావాళ్లు, భర్త ఉద్యోగానికి పోతే ఆమె ఒక్కరే ఉంటారు. ఆమె పేరు పెట్టి అరిచాను. నా అరుపు నా గడప కూడా దాటి ఉండదు.

మంచం మీదనుంచి ఎట్లా దిగానో నాకు గుర్తులేదు. దిగలేదు, పడ్డాను. కుడి మోచెయ్యి, కుడి మోకాలు. ఎడమ కాలు వెనక మూటలాగ ఈడ్చుకుంటూ అంబాడాను. మా సెంటర్లో పిల్లలు అంబాడుతుంటే ముందు గిలక్కాయ పెట్టి పిలిచేదాన్ని. నా ముందు గడప ఉంది. గడప దాటడానికి మూడుసార్లు ప్రయత్నించాను. మూడోసారి పొట్ట మీద జారి అవతల పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. బండ అక్కడ కనబడుతోంది, ఆయన కాళ్లు కనబడుతున్నాయి, నేను పోతున్నాను, అవి దగ్గరికి రావడం లేదు. మధ్యలో రెండుసార్లు చెంప నేలకు ఆనించి పడుకుండిపోయాను. పోనీ ఇక్కడే ఉండిపోదామనిపించింది. సిగ్గులేని ప్రాణం.

ఆయన దగ్గరికి చేరేసరికి కళ్లు తెరిచే ఉన్నాడు. చెమట, నీళ్లు కలిసిపోయి ఒళ్లంతా తడి. నన్ను చూశాడు. నా వెనక గడప వైపు చూశాడు.

"నువ్వెట్లొచ్చినవే?" అన్నాడు.

అంతే అన్నాడు. ఆ మొహంలో నొప్పి ఉంది, కానీ అంతకంటే ఎక్కువ ఆశ్చర్యం ఉంది. ఆయన తల నా ఒళ్లోకి తీసుకుందామంటే ఒంటిచేత్తో ఎత్తలేకపోయాను. పక్కనే పడుకుని ఆయన చెవి దగ్గర మాట్లాడుతూ, మధ్యమధ్య రోడ్డువైపు అరుస్తూ ఉన్నాను. ఇంట్లో ఫ్యాన్ మళ్లీ తిరగడం వినబడింది. ఆ తర్వాత ఎంతసేపటికో పద్మావతి గారు మేడ మీద బట్టలు ఆరేయడానికి వచ్చి చూశారు. చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు. "అయ్యో పిన్నిగారూ, ఎంతసేపైందండీ," అంటూనే అంబులెన్సుకు ఫోను చేశారు. ఆరోజు కరెంటు అరగంట పైనే పోయిందని తర్వాత ఆమే చెప్పారు.

దవాఖానాలో నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి గోడ పక్కన పెట్టారు. పద్మావతి గారు తన కొంగు తడిపి నా మోచేతికి అంటిన మట్టి తుడుస్తున్నారు. డాక్టరు వచ్చి, పడిపోయి ఎంతసేపైంది అని అడిగాడు. చెప్పాను. "కొంచెం ముందు తీసుకొచ్చి ఉంటే..." అని ఆపేశాడు. మంచివాడు, నా కాళ్లు చూసి ఆపేశాడు. మధ్యాహ్నం కాకముందే మా ఆయన పోయాడు.

భాద్రపదం, ఆశ్వయుజం

కర్మలయ్యాక సుజాత నన్ను నాగారం తీసుకెళ్లింది. మూడో అంతస్తు. కిటికీలోంచి ఎదుటి కాలనీ నీళ్ల ట్యాంకులు తప్ప ఏమీ కనబడవు. సుజాత నన్ను పూలలో పెట్టి చూసుకుంది. మంచం దగ్గరికే పళ్లెం, మంచం దగ్గరికే పళ్లు తోముకునే చెంబు. బ్రష్ మీద పేస్టు కూడా పెట్టి ఇచ్చేది. పడుకున్నచోటినుంచి లేవాల్సిన పని ఒక్కటి కూడా నాకు మిగల్చలేదు. నేను కూడా వద్దనలేదు. ఏడవడానికి కూడా లేవనక్కర్లేదు కదా.

ఒకరోజు పొద్దున బడికి ఆలస్యమవుతోంది. పక్క తడిసింది. సుజాత దుప్పట్లు మారుస్తూ మారుస్తూ ఆగింది. నావైపు చూడకుండా అంది. "నాలుగడుగులు ఏస్తుంటే బాపు బతుకుతుండె."

 దుప్పటి వదిలేసి నా కాళ్ల మీద పడి ఏడ్చింది. నోరు జారిందమ్మా, పాపిష్టిదాన్ని అంది. నేను దాని తల నిమిరాను. అది తప్పేమీ అనలేదు. నేను రోజూ అనుకునేదే అది బయటికి అంది.

సాయంత్రం బడినుంచి వచ్చి, నన్ను బాత్రూముకు తీసుకెళ్దామని చంకల కింద చేతులు పెట్టింది.

"ముట్టకు," అన్నాను.

"పడ్తవమ్మా."

"పడితే పడ్త. ముట్టకు. పక్కన నిలవడు. రేణుకకు ఫోన్ చెయ్యి."

పడ్డాను. రెండుసార్లు పడ్డాను ఆ వారంలో. మూడోసారి కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. పదిదాకా లెక్కపెట్టేసరికి కాలు వణికి కుర్చీలో కూలబడ్డాను. రేణుక నాగారం దాకా స్కూటీ మీద వచ్చింది. కూర్చుని లేవడం, లేచి కూర్చోవడం. మడమలు ఎత్తడం, దించడం. మెట్టు ఎదురుగా నిలబడి కాలు పైన పెట్టడం, తీయడం. ఆమె నన్ను ముట్టుకునేది కాదు, వెనక చెయ్యి ఒకటి గాలిలో ఉంచేది. నొప్పికి బూతులు తిట్టేదాన్ని. "తిట్టున్రి, కాని ఆపకున్రి," అనేది. ఆషాఢంలో అబద్ధం చెప్పానని ఒకరోజు ఒప్పుకున్నాను. నాకు తెలుసు అంది. తెలిసీ ఎందుకు ఊరుకున్నావని నేను అడగలేదు. ఆమే చెప్పింది. "మీరు చెయ్యనంటే నేనేం చెయ్యగలుగుత అమ్మా? నేను చేస్తే మీకు రాదు గద."

కార్తీకం

ఒక ఆదివారం పద్మావతి గారు రెండు బస్సులు మారి నాగారం వచ్చారు. చుట్టాలు కాదు, కులం కాదు, మా ఊరి మనిషి కూడా కాదు. డబ్బాలో పులిహోర, చేతిలో చుట్టిన కాగితం తెచ్చారు.

"సుజాత తాళంచెవి ఇచ్చి వచ్చింది కదండీ, మీ ఇల్లు ఊడుస్తుంటే గోడ మీద కనబడింది. చెమ్మకు ఊడిపోతోంది. పారేయబుద్ధి కాలేదు. బాబాయిగారు రోజూ దీని దగ్గర నిలబడి రాసుకోవడం కిటికీలోంచి కనబడేది నాకు," అన్నారు.

శ్రావణం కాగితం. పైనుంచి వరసగా టిక్కులు. చివరి టిక్కులున్న వరస శుక్రవారానిది. పొద్దున గడిలో టిక్కు. మధ్యాహ్నం గడిలో టిక్కు. సాయంత్రం గడిలో టిక్కు. ఆ సాయంత్రానికి ఆయన మంచుపెట్టెలో ఉన్నాడు. కింది గళ్లన్నీ ఖాళీ.

కాగితం ఒళ్లో పెట్టుకున్నాను. పద్మావతి గారు నా పక్కన కూర్చుని పులిహోర గిన్నెలోకి తీసి, చెంచా నా కుడిచేతికి అందించారు. తనే నా నోట్లో పెట్టలేదు. అట్లా చెయ్యాలని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు.

మళ్లీ మాఘం

సంక్రాంతి వెళ్లాక ఇంటికి వచ్చేశాను. సుజాత గొడవపెట్టింది, ఏడ్చింది, చివరికి తనే తీసుకొచ్చి దింపింది. రోజూ రెండుపూటలా ఫోను చేస్తుంది. పద్మావతి గారు పొద్దున ఒకసారి అన్నం తెచ్చిపెట్టి చూసి పోతారు. వండుకోవడం ఇంకా కుదరదు, కానీ పెట్టిన అన్నం నేనే కలుపుకుని తింటాను. ఫోను మెడలో సంచీలో వేసుకుంటాను. ఎడమచెయ్యి ఇంకా సగమే. వానపడ్డ నేల మీద పోను. చీకట్లో లేవను. బాగైపోయానని ఎవరికీ చెప్పను, కాలేదు కాబట్టి.

ఇంట్లో ముసలివాళ్లను, మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లు ఇది చదివితే వాళ్లకు ఒక్క మాట. మీ ప్రేమ నాకు తెలుసు, దాన్ని తిన్నదాన్ని నేను. గ్లాసు నోటి దాకా తేకండి, చేతికి అందేంత దూరంలో పెట్టండి. లేస్తామంటే పక్కన నిలబడండి, ఎత్తకండి. వాళ్లు తిడతారు. మొండికేస్తారు. నాలాగ అబద్ధాలు చెప్తారు. నమ్మకండి. ఇక పడుకున్నవాళ్లకు చెప్పేది ఏమిటంటే, మీ వంతు వచ్చిందనుకోకండి.

మంచం నుంచి గడపకు ఏడడుగులు. గడప నుంచి బండకు పన్నెండు. ఇంటికొచ్చిన మొదటి వారంలో లెక్కపెట్టాను. ఆరోజు నాకు కావాల్సినవి ఆ పందొమ్మిదే. ఇప్పుడు రోజూ పొద్దున ఆ బండ దాకా పోయి, దాని మీద కాసేపు కూర్చుని, వెనక్కి వస్తాను.

మొన్న రేణుక వచ్చి నా సాయంత్రం కసరత్తు చూసింది. కుర్చీలో కూర్చుని ఎడమకాలు చాపి ఎత్తుతున్నాను. ఇరవై అయ్యింది. కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టాను. అది కూడా ఇరవై దాకా పోయేసరికి ఆమె లెక్క తప్పాననుకుంది.

"ఇరవై చాలు గదమ్మా. నలభై ఎందుకు చేస్తున్నరు?"

తెచ్చి మళ్లీ గోడకు అంటించుకున్న శ్రావణం కాగితం చూపించాను. శుక్రవారం వరసలో మూడో గడి మీద వేలు పెట్టాను. "గీ పూటది ఆయన టిక్కు పెట్టి పోయిండు. చెయ్యలే. పగటిది పగటిపూటనే చేసిన. ఇప్పుడు మొదలు ఇది చేస్త, తర్వాత నాది," అన్నాను.

రేణుక కాగితం చూసింది, నన్ను చూసింది. బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. నేను మర్నాడు సాయంత్రం మళ్లీ కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. మడమ కింద ఏ చెయ్యీ లేదు. కాలు ఎత్తి, లాభం అన్నాను.